చుక్కల లెక్క

పలమనేరులో పురుగుమందుల అంగట్లో
పదకొండేండ్లు డబ్బాలు దించినాను.
ఏ మూత తిప్పితే ఏ వాసనో
కండ్లు మూసుకొని చెప్తాను ఇప్పటికీ.
పురుగుల్ని మాత్రం
డబ్బా మీది బొమ్మల్లోనే చూసినాను,
వెల్లకిలా పడి, కాళ్ళు ముడుచుకొని.

ఇప్పుడు గంగవరం దావలో
ముప్పై సెంట్ల వంగతోట.
బతికుండే పురుగు మొకం
నలభై మూడో ఏట మొదటిసారి చూస్తా ఉండాను.

మొదటి నెల నాకు తెలిసింది ఒకటే:
కదిలేదంతా శత్రువే.
ఎర్ర వీపు మీద నల్ల చుక్కలుండేదాన్ని
మూడు తెల్లవార్లు ఏరి ఏరి
కిరసనాయిలు చెంబులో వేసినాను.
నాలుగు దినాలు తిరిగేసరికి పేనుబంక
లేత కొసలంతా జిగటగా,
పెండ్లింటి వాకిట్లో చెప్పుల మాదిరి
ఒకదాని మీద ఒకటి.

పక్క కయ్య నాంచారక్క
గెనిమ మీద నిలబడి చెంబులోకి తొంగిచూసింది.
"ఏంరా మురుగేశా,
కూలి అడగకుండా పనిచేసేవాళ్ళను
కిరసనాయిల్లో ముంచినావా?"

ఆమె అరచేతిలో రెండు పురుగులు.
ఒకటి నున్నగా, ఆముదం రాసినట్టు మెరుస్తా ఉండాది.
అది పేనును తింటాది.
రెండోది మసక, వీపు మీద సన్నటి నూగు,
చుక్కలు జాస్తి, ఇరవై ఎనిమిది దాకా.
అది ఆకును జల్లెడ చేస్తాది.
"రెండిటికీ అక్షింతలనే పేరు పెట్టినారు మనోళ్ళు.
ఏది దీవెనో ఏది కాదో
నువ్వే చూసుకోవాల."

ఆ పొద్దు నుంచి చుక్కలు లెక్కపెట్టేదే నా పని.
వేపగింజలు దంచి గుడ్డలో మూటగట్టి
రాత్రంతా నానేస్తే
తెల్లారికి పాలు, గొంతు దాకా చేదు.
కుంకుడు నురగ కలిపితేనే ఆకుకు అంటుకుంటాది.
ఎండలో కొడితే ఎండకే పోతాది,
పొద్దు గూకినాక కొట్టాల,
ఆకు అడుగున.
సంసారాలన్నీ ఆ పక్కనే.
అంగట్లో "ట్యాంకుకు రెండు మూతలు" అని చెప్పి పంపేవాణ్ణి.
ఈడ మూతల లెక్క లేదు.
ఆకు తిప్పాల, చూడాల, మళ్ళా తిప్పాల.
పొయ్యిలో బూడిదంతా ఎత్తకపోయి చల్లితే
"గిన్నెలు నీ మీసాలతో తోమేదా?" అనె
మా ఇంటామె.

ఏడో సాలులో ఒక చెట్టు
అన్నిటికన్నా గుబురుగా లేచింది.
ఆకులు చింతాకంత, గుత్తులు గుత్తులు.
పూత లేదు.
ముద్దుగా ఉండాదని
దానికే రెండు చెంబులు ఎక్కువ పోసినాను.
నాంచారక్క దూరం నుంచే అనింది:
"వెర్రి తెగులు.
ఈ పొద్దే పెరికి కాల్చేయ్."

మందు?
ఆ అంగట్లో ప్రతి అరా నేను తుడిచినదే.
దానికి డబ్బా లేదు.
అడిగినోళ్ళకు మాత్రం ఇచ్చినాను
ఏదో ఒకటి,
రశీదు రాసి.

గంటావూరాయన ఒకడు
ఇట్లాంటి ఆకునే బీడీకట్టలో మడిచి తెచ్చేవాడు.
పేరు గంగులప్ప.
మూడుసార్లు వచ్చినాడు, మూడు డబ్బాలు.
మూడోది అప్పు.
నాలుగోసారి రాలేదు.
ఎందుకు రాలేదని
నేను ఎవరినీ అడగలేదు.

చెట్టు సులువుగా రాలేదు.
వేరుకు పట్టిన మన్ను కూడా తడిగా, మంచిగా ఉండాది.
నిప్పు పెట్టేముందు ఒక ఆకు తుంచి
చొక్కా జేబులో వేసుకున్నాను.
గంటావూరు దూరమేం కాదు.
పోతే ఏం చెప్పాలో తెలీదు,
రశీదు లేకుండా మాట్లాడేది
నాకు అలవాటు లేదు.

పొగ కండ్లల్లో పడతా ఉండగా
మణికట్టు మీద ఏదో పాకింది.
విదిలించబోయి ఆగినాను.
అద్దాలు సరిచేసుకొని
ఒకటి, రెండు, మూడు...

ఆరు దగ్గర
ఎగిరిపోయింది.